నవ్వు ఎవరి మీద?

(వ్యంగ్య నేర నవల - పరిచయ వ్యాసం)

పాఠ్యభాగ ఉద్దేశం

నేరం భయాన్ని కలిగిస్తుంది. హాస్యం ఆహ్లాదాన్ని కలిగిస్తుంది. పరస్పరం పొసగవనిపించే ఈ రెండింటినీ ఒకే కథలో కూర్చే రచనను వ్యంగ్య నేర నవల అంటారు. ఆ నవల స్వరూప స్వభావాలను, తెలుగు సాహిత్యంలో దాని మూలాలను, మన చుట్టూ ఉన్న నగర జీవితంతో దానికి గల సంబంధాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

1. మాటలలో దాగిన నవ్వు

మోసాన్ని గురించి చెప్పడానికి తెలుగులో నవ్వు పుట్టించే మాటలు ఎన్నో ఉన్నాయి. టోపీ పెట్టాడు, పంగనామాలు పెట్టాడు, శఠగోపం పెట్టాడు, చెవిలో పువ్వు పెట్టాడు, బురిడీ కొట్టించాడు, టోకరా వేశాడు - ఇటువంటి పలుకుబళ్ళు వార్తాపత్రికల శీర్షికలలో తరచుగా కనిపిస్తాయి. వీటిని కొంచెం నిలిచి పరిశీలిద్దాం. శఠగోపం వైష్ణవాలయాలలో భక్తుని శిరస్సుపై ఉంచి ఆశీర్వదించే పాత్ర. దానిపై స్వామి పాదుకలు ఉంటాయి. నామం భక్తికి చిహ్నం. తలపై టోపీ మర్యాదకు గుర్తు. ఆశీస్సు, భక్తి, మర్యాద - ఈ మూడింటి పేర్లూ మన వాడుకలో వంచనకు మారుపేర్లయ్యాయి. నమ్మకం ఉన్న చోటనే మోసం జరుగుతుందన్న లోకానుభవం ఈ మాటలలో నిక్షిప్తమై ఉంది.

చట్టం కూడా మన వాడుకలో ఇటువంటి నవ్వుకే దారితీసింది. భారత శిక్షాస్మృతిలో మోసానికి సంబంధించిన సెక్షన్ 420. ఆ అంకె కాలక్రమంలో ఒక తిట్టుగా మారింది. 2024 జులై 1 నుంచి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. అందులో మోసానికి సంబంధించిన సెక్షన్ 318. అయినా మోసగాణ్ణి 'త్రీ ఎయిటీన్' అని ఎవరూ పిలవరు. చట్టం మారినంత త్వరగా లోకుల నాలుక మారదు.

ఈ పలుకుబళ్ళలో ఒక చిక్కు కూడా ఉంది. టోపీ పెట్టినవాడు వీటిలో చతురుడుగా కనిపిస్తాడు. పెట్టించుకున్నవాడు వెర్రివాడుగా కనిపిస్తాడు. సొమ్ము పోగొట్టుకున్న మనిషి మీదనే నవ్వు కూడా పడుతుంది. అందువల్ల మోసపోయినవారు తమ నష్టాన్ని నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గుపడతారు. ఆ సిగ్గు మోసగాడికి పెట్టని కోట. నవ్వును బాధితుని మీద నుంచి మళ్ళించి, అసలు దోషి వైపు తిప్పడమే మంచి వ్యంగ్య నేర నవల చేసే పని. ఈ పాఠంలో మనం గుర్తుంచుకోవలసిన ప్రధాన విషయం ఇదే.

2. మూడు రకాల నేర కథలు

నేరాన్ని ఇతివృత్తంగా గ్రహించిన నవలలన్నీ ఒక్క తీరున ఉండవు. ఒక ఉదాహరణ ఊహించుకుందాం.

నల్లగొండ జిల్లాలోని ఒక పల్లె నుంచి ఒక యువకుడు ఉద్యోగ పరీక్షల శిక్షణ కోసం హైదరాబాదు వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక హాస్టలులో చేరాడు. ఒకనాడు మిత్రుడొకడు అతనిని ఒక ఫంక్షన్ హాలుకు తీసుకొని వెళ్ళాడు. అక్కడ సూటు ధరించిన వక్త ఒకరు, అయిదు వేల రూపాయలు కట్టి అయిదుగురిని చేర్పిస్తే చాలునని, ఆ అయిదుగురూ తలా అయిదుగురిని చేర్పిస్తారని, ఇక జీవితాంతం సొమ్ము వస్తూనే ఉంటుందని చెప్పాడు. యువకుడు సొమ్ము కట్టాడు. తన వంతుగా చిన్ననాటి మిత్రుణ్ణి, బాబాయి కొడుకును, గదిలోని మరో ఇద్దరిని, చివరకు హాస్టలులో వంట చేసే ఆమెను కూడా చేర్పించాడు. మూడు నెలలు గడిచాక కార్యాలయానికి తాళం పడింది.

ఈ కథను అపరాధ పరిశోధన నవలగా వ్రాస్తే, ఆ వక్త ఎవరు, సొమ్ము ఎక్కడ దాచాడు, ఎలా పట్టుబడ్డాడు అన్న ప్రశ్నలు కథను నడిపిస్తాయి. పరిశోధకుడు ఆధారాలను ఒక్కొక్కటిగా సేకరిస్తాడు. చివరి పుటలలో దోషి దొరుకుతాడు. పాఠకుడు తృప్తిగా పుస్తకం మూసివేస్తాడు.

ఇదే కథను కరుణరస ప్రధానంగా వ్రాస్తే, వంట చేసే ఆమె కన్నీరు, పల్లెలోని తండ్రి చేసిన అప్పు, యువకుని పశ్చాత్తాపం ప్రధానమవుతాయి.

వ్యంగ్య నేర నవలాకారుడు ఇదే కథను మరొక కోణం నుంచి చూస్తాడు. ప్రారంభోత్సవానికి జ్యోతి వెలిగించిన పెద్దలు, శాలువా కప్పి సన్మానం చేసినవారు, ఆ ఫోటోను గోడకు తగిలించి దానినే హామీపత్రంగా చూపిన గుమాస్తా అతని కథలో పాత్రలవుతారు. ఫిర్యాదు చేయడానికి వచ్చినవారు వరుసలో నిలబడితే, ఆ ఫిర్యాదు ఎలా వ్రాయాలో చెప్పి పది రూపాయలు పుచ్చుకునేవాడొకడు పుట్టుకొస్తాడు. మరుసటి నెల అదే ఫంక్షన్ హాలులో బాధితుల సంఘం ఆవిర్భవిస్తుంది. దానికీ సభ్యత్వ రుసుము ఉంటుంది. కట్టినవారు మరో అయిదుగురు బాధితులను చేర్పించాలి! పాఠకునికి నవ్వు వస్తుంది. అంతలో కథ యువకుని వైపు తిరుగుతుంది. వంట చేసే ఆమెను చేర్పించినందుకు అతనికి లభించిన కమిషను ఇంకా అతని జేబులోనే ఉంది. అతడు బాధితుడు. అతడే మోసంలో భాగస్వామి కూడా. అక్కడ నవ్వు ఆగిపోతుంది.

ఈ పథకంలోని లెక్క కూడా గమనించదగినది. ఒకరు అయిదుగురిని, ఆ అయిదుగురు ఇరవై అయిదుగురిని చేర్పిస్తూ పోతే, పదమూడవ వరుసకు 122 కోట్ల మంది కొత్త సభ్యులు కావాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశ జనాభా 121 కోట్లు. అంటే పసిపిల్లలతో సహా దేశమంతా ఒక్క వరుసకు చాలదు. కాగితం మీద ఈ గుణకారం చేసి చూసిన వారికి పథకం కూలిపోక తప్పదని తెలిసిపోతుంది. ఇటువంటి ధన చలామణీ పథకాలను నిషేధిస్తూ 1978లోనే కేంద్ర చట్టం వచ్చింది. ఒక పథకం కూలితే మరొకటి కొత్త పేరుతో లేవడం ఆగలేదు. వ్యంగ్య రచయితకు కావలసిన ముడిసరుకు ఈ వైరుధ్యమే.

3. హాస్యం, భయం - రసవిరోధం

మన ఆలంకారికులు రసాలకు పరస్పర మైత్రిని, విరోధాన్ని చెప్పారు. 'సాహిత్య దర్పణం' రచించిన విశ్వనాథుడు హాస్యానికి భయానక, కరుణ రసాలు విరోధులని పేర్కొన్నాడు. శవం ఉన్న ఇంట్లో హాస్యం పండదని దీని భావం. అయితే ఒక రసాన్ని ప్రధానం చేసి, మరొకదానిని దానికి అంగంగా నిలిపితే విరోధం పరిహారమవుతుందని ఆనందవర్ధనుడు 'ధ్వన్యాలోకం'లో వివరించాడు. వ్యంగ్య నేర నవలలోని నేర్పు కూడా ఇటువంటిదే. రచయిత మృత్యువును చూసి నవ్వడు. మృత్యువు ఎదుట కూడా తమ లాభనష్టాలను లెక్కవేసుకునే మనుషులను చూసి నవ్విస్తాడు. శవం పక్కన కూర్చొని బేరమాడే మనిషి ఎదురైనప్పుడు పాఠకునికి నవ్వూ, వెగటూ ఒక్కసారే కలుగుతాయి.

హాస్యానికీ వ్యంగ్యానికీ గల భేదాన్ని కూడా ఇక్కడ గుర్తించాలి. హాస్యం వినోదంతో ముగుస్తుంది. వ్యంగ్యం వినోదంతో మొదలై విమర్శగా పరిణమిస్తుంది. ఆ విమర్శ తీవ్రమై సామాజిక దురాచారాలను ఎండగట్టినప్పుడు అధిక్షేపం అవుతుంది.

4. తెలుగులో మూలాలు

ఈ రీతి మనకు పరాయిది కాదు. గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' నాటకం 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైంది. 1897లో ముద్రితమైంది. సమూలంగా మార్చిన రెండవ కూర్పు 1909లో వెలువడింది. దీనిని మనం సంఘసంస్కరణ నాటకంగా చదువుతాం. ఒక్కసారి దీని కథను నేర కథగా చూడండి.

పెళ్ళి కూతురి కోసం శుల్కం ఇవ్వడానికి సిద్ధపడిన వృద్ధుడు లుబ్ధావధాన్లు. ఆ పెళ్ళి తప్పించడానికి కరటక శాస్త్రి తన శిష్యుడైన మహేశానికి ఆడవేషం వేసి, ఆ బాలుణ్ణే వధువుగా అమ్ముతాడు. పెళ్ళి జరిగిన తరువాత పెళ్ళికూతురు మాయమవుతుంది. లుబ్ధావధాన్లు ఆమెను చంపించాడన్న అభియోగం పుడుతుంది. పోలీసులు, దళారులు, దొంగ సాక్షులు ఎవరి బేరం వారు మొదలుపెడతారు. అసలు ఆ అమ్మాయే లేదు! లేని అమ్మాయి హత్యకు న్యాయవ్యవస్థ యావత్తూ కదలడం ఈ నాటకంలోని గొప్ప హాస్యం. చివరకు నిజం చెప్పేది సమాజం వెలివేసిన మధురవాణి. ఆమె మారువేషంలో సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్ళి చిక్కుముడి విప్పుతుంది. మరొక విధంగా చెప్పాలంటే, ఈ కథలో పరిశోధకుని స్థానం ఆమెదే.

అయితే ఈ నవ్వు వెనుక ఉన్న నేరం కల్పితం కాదు. గురజాడ తొలి కూర్పుకు వ్రాసిన పీఠికలో కొన్ని లెక్కలు ఇచ్చాడు. విజయనగర మహారాజు ఆనంద గజపతి విశాఖ మండలంలో మూడేళ్ళ కాలంలో జరిగిన ఇటువంటి వివాహాల జాబితా తయారు చేయించగా, అది 1,034కు చేరింది. వారిలో 99 మంది బాలికలు అయిదేళ్ళవారు. 44 మంది నాలుగేళ్ళవారు. 36 మంది మూడేళ్ళవారు. ఆరుగురు రెండేళ్ళవారు. ముగ్గురు ఏడాది పసికందులు. రంగస్థలం మీద లేని అమ్మాయి కోసం కేసు నడిచింది. ఊళ్ళలో మాత్రం ఉన్న అమ్మాయిలను అమ్మినందుకు ఏ కేసూ నడవలేదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు గురజాడ నవ్వు ఎంత పదునైనదో అర్థమవుతుంది.

20వ శతాబ్ది తొలి దశాబ్దాలలో వంగభాష నుంచి వచ్చిన అనువాదాలతో అపరాధ పరిశోధన కథలు తెలుగు పాఠకులను ఆకర్షించాయి. తరువాతి కాలంలో కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు ఇంటింటా పరిచితులయ్యారు. ఈ నవలలలో నేరం ఒక చిక్కుప్రశ్న. పరిశోధకుడు మేధావి. మల్లాది వెంకట కృష్ణమూర్తి 'చంటబ్బాయ్' ఈ సంప్రదాయాన్ని సున్నితంగా వెక్కిరించింది. అందులోని డిటెక్టివ్ పాండురంగారావు తన వృత్తిని ఎంతో గంభీరంగా భావిస్తాడు. లోకం మాత్రం అతనిని అంత గంభీరంగా తీసుకోదు. 1986లో జంధ్యాల దర్శకత్వంలో చిరంజీవి కథానాయకుడుగా ఈ నవల చలనచిత్రమైంది.

నేరాన్ని, నవ్వును, సామాజిక విమర్శను ఒక్క చోట కలిపినవారిలో రాచకొండ విశ్వనాథశాస్త్రి అగ్రగణ్యుడు. 1922లో జన్మించి 1993లో కన్నుమూసిన ఆయన విశాఖపట్నంలో న్యాయవాదిగా పనిచేశాడు. మద్యనిషేధం అమలులో ఉన్న రోజులలో సారా చుట్టూ అల్లుకున్న వ్యవహారాలను ఆయన 'ఆరు సారా కథలు'లో చిత్రించాడు. సారా అమ్మే పేదవారు, వారిని పట్టుకునే పోలీసులు, వాదించే ప్లీడర్లు, విచారించే మేజిస్ట్రేట్లు - అందరూ ఒకే యంత్రంలోని చక్రాలుగా ఆ కథలలో కనిపిస్తారు. నిషేధం సారాను ఆపలేకపోయింది. దాని చుట్టూ ఎందరికో ఉపాధి మాత్రం కల్పించింది. ఆయన 'రాజు-మహిషి' నవల కూడా నేర ప్రపంచాన్ని, న్యాయస్థానాల తీరును ఇటువంటి చూపుతోనే దర్శించింది. నిత్యం కోర్టులో విన్న మనుషుల మాటే ఆయన రచనలకు ప్రాణం పోసింది.

5. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ - సిద్ధంగా ఉన్న రంగస్థలం

విజయనగరం, విశాఖపట్నాలు ఆ రచయితలకు రంగస్థలాలయ్యాయి. నేటి వ్యంగ్య నేర నవలకు తగిన రంగస్థలం హైదరాబాదు తూర్పు భాగంలో సిద్ధంగా ఉంది. దిల్‌సుఖ్‌నగర్ ఒకప్పుడు పొలాల నేల. దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ అనే భూస్వామి పేరు మీద ఆ ప్రాంతానికి ఆ పేరు వచ్చింది. 'దిల్' అంటే హృదయం. సాయంత్రం వేళ అక్కడి జనసమ్మర్దంలో రోడ్డు దాటే వారికి ఈ హృదయ సుఖం ఎంతవరకు లభిస్తుందో అనుభవజ్ఞులకే తెలియాలి. లాల్ బహదూర్ శాస్త్రి పేరు మీద వెలసిన లాల్ బహదూర్ నగర్ జనుల నోట ఎల్బీనగర్ అయింది. నిరాడంబరతకు మారుపేరైన నాయకుని పేరిట వెలసిన నగరంలో నేడు ఆకాశాన్నంటే ధరలకు స్థలాలు అమ్ముడవుతున్నాయి.

విజయవాడ వెళ్ళే జాతీయ రహదారి ఈ రెండు ప్రాంతాల మీదుగా సాగుతుంది. ఎల్బీనగర్ కూడలి నుంచి నాగార్జునసాగర్ వైపు, ఉప్పల్ వైపు కూడా దారులు చీలుతాయి. అందువల్ల నల్లగొండ, ఖమ్మం జిల్లాల నుంచి, కోస్తా జిల్లాల నుంచి బస్సులో వచ్చేవారికి మహానగరం ఇక్కడే మొదలవుతుంది. ఎల్బీనగర్, గడ్డిఅన్నారం పురపాలక సంఘాలు 2007లో బృహత్ హైదరాబాదులో విలీనమయ్యాయి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట - ఎల్బీనగర్ మెట్రో మార్గం ప్రారంభమైంది. కొత్తపేట వద్ద ఎన్నో ఏళ్ళు నడిచిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు 2021లో బాటసింగారానికి తరలింది. ఒక తరం కళ్ళెదుటే ఊరి శివారు నగరం నడిబొడ్డుగా మారింది.

ఇటువంటి మార్పు జరిగే చోట ఆశలు అధికంగా ఉంటాయి. శిక్షణ కేంద్రాల బోర్డులు, హాస్టళ్ళ బోర్డులు, అద్దెకు ఇచ్చే గదుల 'టు-లెట్' కాగితాలు, ఇంటి స్థలాల ప్రకటనలు గోడల మీద ఒకదానిపై ఒకటి అంటుకొని ఉంటాయి. ప్రతి కాగితమూ ఒక ఆశను అమ్ముతుంది. ఆ కాగితాలలో ఏది నిజమో, ఏది బూటకమో ఊరికి కొత్తగా వచ్చిన వానికి తెలియదు. వెనుదిరిగి అడుగుదామంటే బంధువులు దగ్గర లేరు. నేర నవలకు కావలసిన అనుమానం, హాస్యానికి కావలసిన అమాయకత్వం ఒకే గోడ మీద దొరుకుతాయి.

రంగారెడ్డి జిల్లా న్యాయస్థానాల సముదాయం కూడా ఎల్బీనగర్‌లోనే ఉంది. ఆశతో బస్సు దిగిన కూడలికీ, వాయిదా కోసం ఎక్కే కోర్టు మెట్లకూ మధ్య దూరం అక్కడ చాలా తక్కువ. రావిశాస్త్రి వంటి రచయిత ఆ ప్రాంగణంలోని టీ కొట్టు వద్ద ఒక్క పూట కూర్చుంటే ఒక నవలకు సరిపడిన సామగ్రి లభించేది.

ప్రాంతాన్ని రంగస్థలం చేసుకునే రచయితకు ఒక జాగ్రత్త అవసరం. చాలాకాలం తెలుగు చలనచిత్రాలలో తెలంగాణ మాండలికాన్ని హాస్యపాత్రలకు, ప్రతినాయకులకు మాత్రమే కేటాయించారన్న విమర్శ బలంగా ఉంది. ఒక మనిషి యాసను చూపి నవ్వించడం సులువు. అది వ్యంగ్యం కాదు, అవమానం. ఆ యాసలోని చమత్కారంతో అధికారాన్ని ప్రశ్నింపజేస్తే అది వ్యంగ్యమవుతుంది.

6. ఇతర దేశాలలో, తెరమీద

ఈ రీతి నవలలు ప్రపంచమంతటా ఆదరణ పొందాయి. అరవింద్ అడిగ ఆంగ్లంలో రచించిన 'ది వైట్ టైగర్' 2008లో బుకర్ బహుమతి పొందింది. బీహారులోని పేద కుటుంబంలో పుట్టిన బలరామ్ హల్వాయి ఢిల్లీలో ఒక ధనవంతుని కారు డ్రైవరు. యజమానిని హత్య చేసి, ఆ సొమ్ముతో బెంగుళూరులో వ్యాపారవేత్త అవుతాడు. ఆ కథను చైనా ప్రధానమంత్రికి లేఖలుగా తానే చమత్కారంగా చెబుతాడు. హంతకుడు ఎవరో మొదటే తెలుసు. అతనిని హంతకునిగా మార్చిన పరిస్థితులు ఏమిటన్నదే నవల అడిగే ప్రశ్న. నైజీరియా రచయిత్రి ఒయిన్‌కాన్ బ్రెయిత్‌వెయిట్ 2018లో ప్రచురించిన 'మై సిస్టర్, ది సీరియల్ కిల్లర్' నవలలో ప్రియులను చంపే చెల్లెలి వెనుక నెత్తుటి మరకలను ఓపికగా తుడిచే అక్క ఉంటుంది. ఆమె వృత్తిరీత్యా నర్సు. కుటుంబ బాధ్యత అనే పవిత్రమైన మాట ఎంత దూరం వరకు వెళ్ళగలదో ఆ నవల నవ్విస్తూనే చూపుతుంది.

తెలుగులో ఇటీవల ఈ మార్గాన్ని చలనచిత్రాలు ఎక్కువగా అనుసరించాయి. 2019లో వచ్చిన 'మత్తు వదలరా' చిత్రంలో చాలీచాలని జీతంతో పనిచేసే డెలివరీ కుర్రవాడు వినియోగదారుని వద్ద 500 రూపాయలు కాజేసే చిన్న కిటుకు నేర్చుకుంటాడు. మొదటి ప్రయత్నమే అతనిని ఒక శవం ఎదుట నిలబెడుతుంది. అదే ఏడాది వచ్చిన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' నెల్లూరులోని ఒక చిన్న డిటెక్టివు హాస్య కథగా మొదలై, మనుషుల విశ్వాసాన్ని ఆసరా చేసుకున్న ఘోర నేరం వైపు నడుస్తుంది. రెండింటిలోనూ నవ్వు తలుపు తీస్తుంది. లోపలికి వెళ్ళిన తరువాత చీకటి కనిపిస్తుంది.

7. ఎలా చదవాలి?

వ్యంగ్య నేర నవలను చదివేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. మొదటిది - ఈ నేరం వల్ల ఎవరెవరు లాభపడ్డారు? నేరస్థుడు ఒక్కడే లాభపడితే అది సాధారణ నేర కథ. జ్యోతి వెలిగించినవారు, చూసీ చూడనట్లున్నవారు కూడా లాభపడితే అది సమాజ కథ. రెండవది - రచయిత ఎవరిని చూపి నవ్విస్తున్నాడు? బలవంతుణ్ణి చూపి నవ్విస్తే ధైర్యం. బలహీనుణ్ణి చూపి నవ్విస్తే క్రూరత్వం. మూడవది - నేను ఎక్కడ నవ్వడం ఆపాను? ఆ ప్రశ్నకు వచ్చే సమాధానం నవల గురించి చెప్పినంతగా మన గురించి కూడా చెబుతుంది.

ఈ ప్రక్రియలో దోషాలు లేకపోలేదు. నేరస్థుని చాతుర్యం పట్ల రచయితకే మోజు కలిగితే, పాఠకుడు కూడా మోసాన్ని తెలివిగా భావించే ప్రమాదం ఉంది. ప్రతి పుటలో నవ్వించాలన్న తొందరలో బాధితుని ముఖం మరచిపోయే రచయితలూ ఉన్నారు. మన ఊహాకథలోని వంట చేసే ఆమెను చివరి అధ్యాయం వరకు గుర్తుంచుకున్న రచయితే ఈ ప్రక్రియకు న్యాయం చేసినవాడు.

8. ముగింపు

తిరిగి మన యువకుని దగ్గరకు వద్దాం. కార్యాలయానికి తాళం పడిన నాటి సాయంత్రం అతని ముందు రెండు దారులు ఉన్నాయి. నవ్వుతారేమోనన్న సిగ్గుతో మౌనంగా ఉండి, తన నష్టం పూడ్చుకోవడానికి మరో పథకంలో మరో అయిదుగురిని చేర్పించడం ఒక దారి. కమిషను సొమ్ము వంట చేసే ఆమె చేతిలో పెట్టి, ఆమెను వెంటబెట్టుకొని పోలీసు స్టేషనుకు వెళ్ళి, తన పొరపాటును కూడా దాచకుండా ఫిర్యాదు వ్రాయడం రెండవ దారి. ఫోను ద్వారానో, ఇంటర్నెట్టు ద్వారానో సొమ్ము పోగొట్టుకున్నవారు వెంటనే ఫిర్యాదు చేయడానికి 1930 అనే జాతీయ సహాయ సంఖ్య కూడా ఉంది. ఎంత త్వరగా చెబితే సొమ్ము దొరికే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుతో గడిచే ప్రతి గంటా మోసగాడికి కలిసివస్తుంది.

మోసపోయిన మనిషి తన కథ చెప్పడం మొదలుపెట్టినప్పుడు, వినేవారు నవ్వకపోతే అతడు కథను పూర్తిగా చెబుతాడు. పూర్తిగా చెప్పిన కథలో నేరస్థుని ఆనవాళ్ళు దొరుకుతాయి. మంచి వ్యంగ్య నేర నవల మనకు ఎక్కడ నవ్వాలో నేర్పుతుంది. ఎక్కడ నవ్వకూడదో కూడా నేర్పుతుంది.

కఠిన పదాలకు అర్థాలు

నిక్షిప్తం = దాచబడినది
వంచన = మోసం
పెట్టని కోట = సహజంగా అమరిన రక్షణ
ఇతివృత్తం = కథావస్తువు
వైరుధ్యం = పరస్పర విరోధం
అంగం = ప్రధానమైన దానికి తోడ్పడేది
అధిక్షేపం = ఎత్తిపొడుపుతో కూడిన నిందాత్మక విమర్శ
అభియోగం = నేరారోపణ
అగ్రగణ్యుడు = మొదట లెక్కించదగినవాడు
జనసమ్మర్దం = జనుల రద్దీ
మాండలికం = ఒక ప్రాంతపు వాడుక భాష

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. అపరాధ పరిశోధన నవలకు, వ్యంగ్య నేర నవలకు గల భేదాలను పాఠంలోని ఉదాహరణ ఆధారంగా వివరించండి.
2. 'కన్యాశుల్కం' నాటకాన్ని నేర కథగా ఎలా చదవవచ్చునో తెలపండి.
3. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాలు వ్యంగ్య నేర నవలకు ఎందుకు తగిన రంగస్థలమో విశ్లేషించండి.

ఆ) సంక్షిప్త సమాధాన ప్రశ్నలు

1. మోసాన్ని తెలిపే తెలుగు పలుకుబళ్ళలోని చిక్కు ఏమిటి?
2. హాస్యానికి విరోధి రసాలు ఏవి? ఆ విరోధం ఎలా పరిహారమవుతుంది?
3. 'ఆరు సారా కథలు'లో రావిశాస్త్రి దేనిని చిత్రించాడు?
4. యాసను ఉపయోగించడంలో రచయిత వహించవలసిన జాగ్రత్త ఏమిటి?

ఇ) ఏకపద, ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. 'కన్యాశుల్కం' తొలిసారి ప్రదర్శితమైన సంవత్సరం ఏది?
2. డిటెక్టివ్ యుగంధర్ పాత్రను సృష్టించిన రచయిత ఎవరు?
3. లుబ్ధావధాన్లుకు వధువుగా వెళ్ళినది ఎవరు?

ఈ) భాషా కృత్యం

మీ ప్రాంతంలో మోసాన్ని తెలిపే పలుకుబళ్ళను అయిదింటిని సేకరించండి. ఒక్కొక్కటి ఎలా పుట్టి ఉంటుందో ఊహించి వ్రాయండి. వాటిలో నవ్వు ఎవరి మీద పడుతున్నదో తరగతిలో చర్చించండి.